గంజాయి షాపులకు లైసెన్సులు ఇస్తే తప్పేంటి?

సూర్యం_బెజవాడ:
మద్యం షాపులకు ప్రభుత్వమే లాటరీ తీస్తుంది. గంజాయి దమ్ము కొడితే మాత్రం కేసు. ఇదేం న్యాయం? 1985లో ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం వచ్చేదాకా మన దేశంలోనే చాలాచోట్ల ఇది లైసెన్సు షాపుల్లో దొరికేది. 1893-94లో తెల్లదొరలు కమిషన్ వేసి విచారిస్తే, మితంగా వాడితే పెద్ద హాని లేదనే తేలింది. ఇప్పుడు ఉరుగ్వే, కెనడా, జర్మనీ అన్నీ షాపులు తెరిచాయి. మనమూ తెరిస్తే పన్ను వస్తుంది, దొంగ వ్యాపారం పోతుంది. కాదనేవాళ్లు కారణం చెప్పండి. ‘మన సంస్కృతి’ అని మాత్రం అనొద్దు, కాశీలో భంగు షాపు బోర్డు నా కళ్లతో చూశాను.

వకీలు_గుంటూరు:
జర్మనీలో షాపుల్లేవండి. 2024 ఏప్రిల్ నుంచి పెద్దవాళ్లు 25 గ్రాముల దాకా దగ్గర పెట్టుకోవచ్చు, ఇంట్లో మూడు మొక్కలు పెంచుకోవచ్చు, ఆ జూలై నుంచి గంజాయి క్లబ్బులో సభ్యులైతే అక్కడ తీసుకోవచ్చు. బజార్లో అమ్మితే అక్కడా నేరమే. ఇక కాశీ సంగతి. మన చట్టంలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొనలు. భంగు చేసే ఒట్టి ఆకు అందులోకి రాదు, ఆ బోర్డు అందుకే ఉంది. అన్నట్టు, ఆ కమిషన్ అతిగా వాడితే హానే అని కూడా రాసింది. అది మీరు చెప్పలేదు.

సైకియాట్రీ_పీజీ:
1893 నాటి సరుకూ ఇప్పటి సరుకూ ఒకటి కాదు సూర్యం గారూ. అమెరికాలో పోలీసులు పట్టుకున్న సరుకులో మత్తునిచ్చే టీహెచ్‌సీ 1995లో 4 శాతం ఉంటే, 2014కి 12 శాతం అయింది. 2019లో లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, ఘాటైన రకాన్ని రోజూ తాగేవాళ్లలో సైకోసిస్ (లేనివి వినపడే, కనపడే మతిభ్రమ) వచ్చే అవకాశం అసలు తాగనివాళ్ల కంటే దాదాపు ఐదు రెట్లు. అందరికీ వస్తుందని కాదు. ఎవరికి వస్తుందో ముందే చెప్పలేం, అదీ భయం. మా వార్డుకు ఒక ఇంజినీరింగ్ అబ్బాయిని తీసుకొచ్చారు. ఫ్యాన్ తనను తిడుతోందని నాలుగు రోజులు నిద్రపోలేదు. వాళ్ల అమ్మ దిష్టి తీయించింది, తాయెత్తు కట్టించింది, ఆ తర్వాతే మా దగ్గరికి వచ్చింది.

సూర్యం_బెజవాడ:
డాక్టరు గారూ, మద్యంతో పోయే ప్రాణాల మాటేమిటి? కేంద్రం 2019లో విడుదల చేసిన సర్వే ప్రకారం దేశంలో మద్యం తాగేవాళ్లు 14.6 శాతం. గంజాయి, చరస్ కలిపినా 1.2 శాతమే.

సైకియాట్రీ_పీజీ:
షాపు ఉన్నదానికీ లేనిదానికీ తేడా ఎంతో మీరే చెప్పారుగా.

డెన్వర్_శీను:
మా కొలరాడోలో 2014 జనవరి నుంచి షాపులున్నాయి. స్కూలు పిల్లల్లో వాడకం పెరిగిపోతుందన్నారు, సర్వేల్లో అలా కనిపించలేదు. కానీ గంజాయి కలిపిన జెల్లీ బిళ్లలను చాక్లెట్లనుకుని తినేసి ఆసుపత్రి పాలైన చిన్నపిల్లలు పెరిగారు. ఇక్కడికి వచ్చే మనవాళ్లకు ఒక్క మాట. రాష్ట్రం ఒప్పుకున్నా ఫెడరల్ చట్టం ప్రకారం ఇది నేరమే. వీసా మీదున్నవాళ్లు ‘ఒకసారి తాగాను’ అని ఆఫీసరు ముందు ఒప్పుకున్నా చాలు, కేసు లేకపోయినా చిక్కే. సరదాకి కూడా ఆ గుమ్మం తొక్కకండి.

పాడేరు_కుర్రాడు:
తాగేవాళ్ల గురించీ పన్నుల గురించీ అందరూ మాట్లాడారు. పండించేవాళ్ల సంగతి నేను చెబుతా. మా ఏజెన్సీలో శీలావతి రకం గంజాయి ఎవరి డబ్బుతో వేస్తారో మాకు తెలుసు. విత్తనం, పెట్టుబడి కింద మైదానం నుంచి వస్తాయి. మూట మోసేది మావాడు, దొరికేదీ మావాడే. పెట్టుబడి పెట్టినవాడి పేరు ఎఫ్‌ఐఆర్‌లో నేను ఒక్కసారీ చూడలేదు. 20 కిలోలు దాటితే కనీసం పదేళ్లు, లక్ష జరిమానా. 2021లో ఆపరేషన్ పరివర్తన్ పేరుతో వేల ఎకరాల తోటలు నరికారు. మంచిదే. ఇప్పుడు కాఫీ, మిరియాలు వేస్తున్నాం, కానీ కాఫీ మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఆ లోపు మనిషి ఏం తినాలి?

అలాగని లైసెన్సులిస్తే మేం బాగుపడతామని అనుకోను. లైసెన్సు మా కొండకు రాదు. ఏసీ షెడ్డు వేసుకున్న కంపెనీకి పోతుంది. మేం మళ్లీ కూలికే.

సూర్యం_బెజవాడ:
ఇది నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటా. కానీ తాగేవాణ్ని జైల్లో పెట్టడం మాత్రం ఇప్పటికీ తప్పే అంటాను.

వకీలు_గుంటూరు:
అందులో నేనూ మీతోనే. తాగినందుకు సెక్షన్ 27 కింద ఆరు నెలల దాకా జైలు లేదా పది వేల దాకా జరిమానా, లేదా రెండూ. తనంతట తాను చికిత్సకు వెళ్లే వ్యసనపరుడికి 64ఏ కింద మినహాయింపు ఉంది. ఆ సెక్షన్ ఉందని స్టేషన్‌లో ఎవరూ చెప్పరు.

పాడేరు_కుర్రాడు:
వకీలు గారూ, చర్చతో సంబంధం లేకపోయినా అడుగుతున్నా. మా చిన్నాన్న కొడుకు 22 కిలోల కేసులో ఐదు నెలలుగా లోపలున్నాడు. ఇంకా చార్జిషీటు వేయలేదు. బెయిల్ రాదంటున్నారు.

వకీలు_గుంటూరు:
రిమాండు తేదీ నుంచి లెక్కపెట్టు తమ్ముడూ. కమర్షియల్ క్వాంటిటీకి, అంటే గంజాయి 20 కిలోలు దాటిన కేసుకు, చార్జిషీటు గడువు 180 రోజులు. కోర్టు గడువు పొడిగించకపోతే, 181వ రోజు పొద్దున్నే బెయిల్ పిటిషన్ పడాలి. చార్జిషీటు పడ్డాక వేస్తే గడువు దాటిందని బెయిల్ అడిగే హక్కు ఉండదు. రిమాండు కాగితం ఫోటో తీసి నాకు మెసేజ్ పెట్టు, ఇక్కడ పెట్టకు.