అప్‌డేట్: పజిల్ పేజీలో పెన్సిల్ గీతలున్న పాత కామిక్స్

1960ల నాటి పిల్లల హాస్య కామిక్స్‌లో ఎవరో పజిళ్లు పూరించేశారు, గీతలు చెరపనా అని అడిగాను కదా. చెరపలేదు. న్యూస్‌ప్రింట్ మీద రబ్బరు రుద్దితే పీచు లేస్తుంది, అచ్చు రంగూ పోతుంది, గీతే నయం.

అసలు దెబ్బ పేజీలు లెక్కపెట్టాక తెలిసింది. ఒకదాంట్లో అట్ట కాకుండా 32 ఉండాల్సింది, 28 ఉన్నాయి. పిన్నుల నుంచి నడిమి కాగితం ఊడితే ఒకేసారి నాలుగు పేజీలు గల్లంతు! ఇంకోదాంట్లో ప్రకటన కూపన్ కత్తిరించారు, దాని వెనకున్న కథ బొమ్మ కూడా పోయింది. అట్ట ఎంత మెరిసినా ఇలాంటివాటికి ధర రాదు.

తుప్పు పిన్నులు మార్చలేదు, పాత టేపు పీకలేదు. కాలక్రమంలో కాగితాన్ని పాడుచేసే పీవీసీ ప్లాస్టిక్ కవర్లు మాత్రం తీసేసి, ఆమ్లరహిత అట్టముక్కతో పాలిస్టర్ కవర్లలో నిలువుగా పెట్టాను.