అవిసె నార రాట్నం మీద వడికితే నూగు లేస్తోంది. ఐర్లాండ్‌లో ఎట్లా వడికేవాళ్లు?

ఆదోని_నూలు:
మూరన్నర పొడుగు అవిసె నార, పత్తి వడికే రాట్నం. ఏకు (దూది చుట్ట) పట్టినట్లే పట్టి లాగితే పోగంతా నూగు, పురి పెంచితే మెలికలు. ఐర్లాండ్ ఆడవాళ్లు లినెన్ (అవిసె నార) నూలు అంత సన్నగా ఎట్లా తీసినారు?

ధర్మవరం_మగ్గం:
అన్నా, తప్పు చేతిది కాదు, పట్టే తీరుది. పత్తి పోగు అంగుళం పైన కొంచెం, అందుకే పురి బాగా కావాల. మూరన్నర నారకు సగం పురి కూడా ఎక్కువే. మెలికలు పడేది అందుకే.

ఐర్లాండ్ ఆడవాళ్లు నారను చేత్తో పట్టేవాళ్లు కాదు. నిలువు కట్టెకు విసనకర్ర మాదిరి పలచగా పరిచి చుట్టి, రిబ్బన్‌తో కట్టేవాళ్లు. కింది కొస నుంచి నాలుగైదు పోగులే దించుతా, తడి వేళ్లతో కిందికి నిమరాల. నారలోని జిగురు తడికి మెత్తబడి, లేచిన కొసల్ని అతికిస్తుంది. ఉత్త నీళ్లకన్నా, చెంచా అవిసె గింజలు గ్లాసు నీళ్లలో ఉడికించి వడగట్టిన జిగురు మేలు. మర్నాటికి వాసన కొడుతుంది, రోజూ కొత్తది చేసుకోండి. మన ఎండలకు నార పెళుసెక్కుతుంది, తడిగుడ్డ కప్పి పెట్టండి.

కడప_కదురు:
రాట్నంలోనూ తేడా ఉంది. వాళ్లది కాలితో తొక్కేది, రెండు చేతులూ నారకే. కదురు బదులు ఫ్లయర్ (పురి పెట్టే U ఆకారపు చట్రం), దాని నడుమ బాబిన్ (నూలు చుట్టుకునే కండె). ఒకే తాడు రెండు చుట్లు పోయి రెండింటినీ తిప్పుతుంది. బాబిన్ మీద తాడు పోయే గాడి, ఫ్లయర్ గాడికన్నా చిన్నది కాబట్టి అది వేగంగా తిరిగి నూలును తనే చుట్టుకుంటుంది. తాడు వదులైతే నూలు లోపలికి పోదు, పురి పేరుకుపోతుంది. మనదాంట్లో ఒక చెయ్యి చక్రానికే పోతుంది, వేళ్లు తడిపేదెప్పుడు? వడికేటప్పుడు చక్రం తిప్పను ఇంకొకర్ని కూర్చోబెట్టుకోండి.

పెన్నా_తీరం:
ఆ దేశం అవిసె మీద పడిందే ఉన్ని మూతపడి. ఐర్లాండ్ ఉన్ని బట్టను ఇంగ్లండ్‌కు తప్ప ఎక్కడికీ పంపకూడదని 1699లో చట్టం చేసినారు, ఇంగ్లండ్‌లోనేమో మోయలేని సుంకం. తర్వాత 1711లో, లినెన్ పనిని పెంచను లినెన్ బోర్డు పెట్టినారు. 1796లో ఆ బోర్డు, ఎకరా అవిసె వేసినవాళ్లకు 4 రాట్నాలు, 5 ఎకరాలు వేసినవాళ్లకు మగ్గం ఇచ్చింది. ఆ జాబితాలో దాదాపు 60,000 పేర్లున్నాయి. బట్ట తెల్లబడను బూడిద నీళ్లలో ఉడికించి, గడ్డి మీద ఆరేసి, పుల్ల మజ్జిగలో నానబెట్టేవాళ్లు.

ఇంకొకటి చెప్పాల. 1825లో జేమ్స్ కే నారను నీళ్లలో నానబెట్టి యంత్రం మీద సన్నగా వడికే పద్ధతి కనిపెట్టినాడు. వేళ్ల తడి చేసే పనే అది! తర్వాత పదేళ్లలో బెల్ఫాస్ట్ మిల్లులు లేచినాయి, ఇండ్లలో వడికే ఆడవాళ్ల కూలి పోయింది.

ఆదోని_నూలు:
కట్టెకు చుట్టి, జిగురు తడితో వడికితే నూగు అణిగింది. నూలు మాత్రం తీగ మాదిరి బిర్రుగా ఉంది.

ధర్మవరం_మగ్గం:
అట్లే ఉంటుంది. నూలును చిలప (పొడుగు చుట్ట) కట్టి, నాలుగు చోట్ల వదులుగా ముడేసి, చాకలి సోడా కలిపిన నీళ్లలో గంటసేపు ఉడికించండి. నీళ్లు టీ రంగుకు తిరుగుతాయి, పారబోసి కడగండి. కింద బరువు వేలాడదీసి ఆరేస్తే మెలికలు సర్దుకుంటాయి.