ఫైల్లో ఎమ్మెల్యే సంతకం లేనప్పుడు లెక్క ఎవరిని అడగాలి?

చెరువుకట్ట (ప్రశ్న)

మాది ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఒక చిన్న గ్రామం. గత శాసనసభ ఎన్నికలకు కొద్ది నెలల ముందు మా వీధిలో సిమెంటు రోడ్డు వేశారు. రెండు వానాకాలాలు గడిచేసరికి అంచులు విరిగి, నడిమధ్య కంకర తేలింది. వీధి మొదట్లో నిలబెట్టిన శిలాఫలకం మాత్రం, దానిమీద అరచేయంత అక్షరాలలో ఉన్న మా శాసనసభ్యుని పేరుతో సహా, చెక్కుచెదరలేదు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి అంచనా పత్రం, ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) నకళ్లు తీసుకున్నాను. ఎం-బుక్‌లో వెడల్పు 3 మీటర్లు, మందం 15 సెంటీమీటర్లు అని రాసి ఉంది. మేము టేపు పట్టి నాలుగు చోట్ల కొలిస్తే వెడల్పు ఎక్కడా 2.7 మీటర్లు దాటలేదు. విరిగిన అంచు దగ్గర మా అబ్బాయి బడి స్కేలు నిలబెడితే మందం 10 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోయింది.

ఫైలంతా తిరగేశాను. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) సంతకం ఉంది, ఆయన పై అధికారి డీఈ సంతకం ఉంది, పంచాయతీ తీర్మానం ఉంది. శాసనసభ్యునికి సంబంధించినది ఒకే ఒక్క కాగితం, లెటర్‌హెడ్ మీద రెండు వాక్యాల సిఫారసు. పని ఎవరికి దక్కాలన్నా, బిల్లు కదలాలన్నా ఎవరి మాట కావాలో మా ఊళ్లో అందరికీ తెలుసు. రేపు విచారణంటూ వస్తే దొరికేది మాత్రం ఏఈ ఒక్కడే. ఐదేళ్లకొకసారి వేసే ఓటు కాకుండా, అవినీతి విషయంలోనూ ప్రభుత్వ ఖర్చుల విషయంలోనూ శాసనసభ్యుని చేత జవాబు చెప్పించే దారి చట్టంలో నిజంగా ఉందా? తెలిసిన పెద్దలు వివరంగా చెప్పగలరు.

వరంగల్ వకీలు

మీరు అడిగిన రెండూ వేర్వేరు సంగతులు. లంచం నేరం, తప్పుడు ఖర్చు చాలాసార్లు నేరం కాదు, కేవలం తప్పుడు నిర్ణయం. నేను మొదటిదాని గురించే రాస్తాను.

శాసనసభ్యుడు అవినీతి నిరోధక చట్టం దృష్టిలో ప్రభుత్వ సేవకుడే. 1998లో పి.వి. నరసింహారావు కేసులో సుప్రీంకోర్టు ఆ మాట చెబుతూనే, సభలో వేసిన ఓటుకు లంచం తీసుకున్నా రాజ్యాంగం ఇచ్చిన రక్షణ వర్తిస్తుందని మెజారిటీ తీర్పు ఇచ్చింది. ఆ వింత పరిస్థితి పాతికేళ్లకు పైగా నడిచింది. జార్ఖండ్ శాసనసభ్యురాలు సీతా సోరెన్ కేసులో 2024 మార్చి 4న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా దాన్ని కొట్టివేసింది. లంచం పుచ్చుకోవడంతోనే నేరం పూర్తయిపోతుందని, ఆ తరువాత ఓటు ఎటు వేశారన్నది అనవసరమని ఆ తీర్పు సారాంశం.

ఇక మీ ఫైల్లోని ఆ రెండు వాక్యాల లేఖను తక్కువ చేసి చూడకండి. అదే అవినీతి నిరోధక చట్టంలో 2018 సవరణతో చేరిన 17ఎ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వ సేవకుడు తన విధి నిర్వహణలో చేసిన సిఫారసు మీదగాని, తీసుకున్న నిర్ణయం మీదగాని పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టాలంటే ముందస్తు అనుమతి కావాలి. సిఫారసు అన్న మాట ఆ సెక్షన్‌లోనే ఉంది. అంటే ఆ లేఖ మీకు దొరికిన ఆధారమూ అవుతుంది, ఆయనకు కవచమూ అవుతుంది. లంచం తీసుకుంటూ అక్కడికక్కడే పట్టుబడిన సందర్భానికి ఈ అనుమతి అక్కరలేదు. ఏసీబీ వలలో గుమాస్తాలు, ఏఈలు తరచుగా కనిపించి, వారికి పైస్థాయిలో ఉన్నవాళ్లు అరుదుగా కనిపించడానికి ఇదీ ఒక కారణమని నా అనుభవం.

శిక్ష పడితే మాత్రం చట్టం ఇప్పుడు కఠినంగానే ఉంది. 2013 జులైలో లిలీ థామస్ తీర్పు వచ్చాక, అప్పీలు వేసి పదవిలో కొనసాగే సౌకర్యం పోయింది. 2014 సెప్టెంబరులో బెంగళూరు ప్రత్యేక కోర్టు శిక్ష విధించిన రోజునే ముఖ్యమంత్రిగా ఉన్న జయలలిత శాసనసభ్యత్వానికి అనర్హురాలయ్యారు. చిక్కంతా శిక్షదాకా చేరడంలోనే ఉంది. ప్రభుత్వం మారగానే తమవారి మీద కేసులను జీవోలతో ఉపసంహరించుకునే అలవాటు పలు రాష్ట్రాలలో ఉండేది. ప్రజాప్రతినిధుల మీది కేసులను హైకోర్టు అనుమతి లేనిదే ఉపసంహరించరాదని సుప్రీంకోర్టు 2021 ఆగస్టులో ఆదేశించింది.

అవినీతి ఫిర్యాదులు విచారించే లోకాయుక్త ఉంది కదా అని మీరు అడగవచ్చు. 1983 నాటి మన చట్టం కింద శాసనసభ్యుల మీద కూడా ఫిర్యాదు చేయవచ్చు, ప్రమాణపత్రం జతచేయాలి. విచారణ తరువాత లోకాయుక్త సిఫారసు చేయగలదే తప్ప శిక్షించలేదు. అయినా సిఫారసుకు బలం ఉండదనుకోవద్దు. కర్ణాటకలో 2011లో అక్కడి లోకాయుక్త సంతోష్ హెగ్డే ఇచ్చిన గనుల నివేదిక తరువాత ముఖ్యమంత్రి యడ్యూరప్ప రాజీనామా చేయవలసి వచ్చింది.

పాత ఆడిటర్

వకీలు గారు వదిలిపెట్టిన రెండోసగం నేను అందుకుంటాను. ముప్పై ఏళ్లు ఇతరుల లెక్కలు చూసి బతికినవాడిని కనుక కొంచెం పొడుగ్గానే రాస్తాను, క్షమించాలి.

మీ వీధి రోడ్డును పక్కనపెట్టి ఒక పెద్ద పని చూడండి. కాళేశ్వరం ఎత్తిపోతల పథకానికి కేంద్ర జల సంఘానికి చూపిన వ్యయం సుమారు 81,911 కోట్ల రూపాయలు. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ శాసనసభ ముందుకు వచ్చిన కాగ్ (ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే రాజ్యాంగ సంస్థ) నివేదిక, చివరికి అది 1,47,427 కోట్లు దాటవచ్చునని, పెట్టిన రూపాయికి రూపాయిన్నర వస్తుందని చూపిన ప్రయోజనం వాస్తవంలో 52 పైసలేనని లెక్కగట్టింది. అప్పటికి నాలుగు నెలల ముందే, 2023 అక్టోబరు 21న, ఆ పథకంలోని మేడిగడ్డ బరాజ్ పియర్లు (స్తంభాలు) కుంగాయి. ఇంత ఖర్చు జరుగుతున్న ఏళ్లలో శాసనసభ్యులు ఏం చేశారన్నదే మీ ప్రశ్నకు అసలు రూపం. ఆ పథకానికి తెచ్చిన అప్పులో ప్రధాన భాగం బడ్జెట్ ద్వారా రాలేదు. 2015లో పెట్టిన ఒక కార్పొరేషన్ పేరుమీద, ప్రభుత్వ హామీతో తెచ్చారు. కార్పొరేషన్ తెచ్చే అప్పు పద్దు రూపంలో సభ ముందుకు ఓటుకు రాదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ కార్పొరేషన్ల మీదుగా అప్పులు తెచ్చారు కాబట్టి ఇది ఒక్క పార్టీకో, ఒక్క రాష్ట్రానికో పరిమితమైన విద్య కాదు.

సభ ముందుకు వచ్చే పద్దుల సంగతైనా గొప్పగా లేదు. గడువు ముగిసే రోజు సాయంత్రం, చర్చకు నోచుకోని శాఖల పద్దులన్నీ చర్చ లేకుండానే, గిలెటిన్ అనే పద్ధతిలో ఒక్కుమ్మడిగా ఆమోదం పొందుతాయి. ఆ వెంటనే, ఖజానా నుంచి ఆ డబ్బు తీయడానికి అనుమతించే ద్రవ్య వినిమయ బిల్లు. పద్దును తగ్గించమని కోరే కోత తీర్మానాలు ఇచ్చేది ప్రతిపక్షమే. అధికార పక్ష సభ్యుడు తన పార్టీ బడ్జెట్‌కు వ్యతిరేకంగా ఓటు వేస్తే రాజ్యాంగం పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధక నిబంధనలు) కింద సభ్యత్వమే పోవచ్చు. ఓటుతో అడ్డుకోలేని సభ్యుడు కనీసం ప్రశ్న అడగవచ్చు. దానికి పార్టీ జారీచేసే ఏ విప్పూ (ఓటు ఆదేశం) అడ్డురాదు.

అసలు లెక్క అడగవలసిన చోటు సభ్యులతోనే ఏర్పడే ప్రజాపద్దుల సంఘం. కాగ్ నివేదిక సభ ముందు పెట్టగానే వార్తాపత్రికలు ఒకరోజు రాసి ఊరుకుంటాయి. దాన్ని పేరాపేరాగా తీసుకుని, శాఖ కార్యదర్శిని ఎదురుగా కూర్చోబెట్టి, ఈ బిల్లు ఎందుకు చెల్లించారని అడిగే అధికారం ఆ సంఘానిది. ఆడిట్ చేసినవాళ్లం వెనుక కుర్చీలలో కాగితాలు అందిస్తూ కూర్చునేవాళ్లం. సంఘం గట్టిగా పట్టుకున్న రోజున కార్యదర్శుల నుదుట చెమట పట్టడం నేను కళ్లారా చూశాను. కాకపోతే అలాంటి రోజులు తక్కువ. కొన్ని పేరాలు సంఘం ముందుకు వచ్చేసరికి ఆ బిల్లు పాసు చేసిన అధికారి పింఛను తీసుకుంటూ ఉండేవాడు.

లోక్‌సభలో 1967 నుంచి ఈ సంఘం అధ్యక్ష పదవి ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ. మన రెండు రాష్ట్రాలలో 2024లో ఏం జరిగిందో చూడండి. తెలంగాణలో బీఆర్ఎస్ తరఫున గెలిచిన ఒక సభ్యునికి ఆ పదవి ఇస్తే, ఆయన అప్పటికే కాంగ్రెస్‌లో చేరిపోయారని బీఆర్ఎస్ గొడవపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో వైసీపీ సంఘం ఎన్నికను బహిష్కరించింది, పదవి అధికార కూటమిలోని జనసేనకు వెళ్లింది. ఎవరిది తప్పన్న వాదనలోకి నేను దిగను. రెండు చోట్లా లెక్క అడిగే కుర్చీ మీద జరిగిన రగడలో పదో వంతు కూడా లెక్కల మీద జరగలేదు.

అందుచేత మీరు మీ శాసనసభ్యునికి ఒక ఉత్తరం రాయండి. ఆయన ఏ సభాసంఘంలో ఉన్నారు, ఎన్ని సమావేశాలకు వెళ్లారు, మీ నియోజకవర్గంలో జరిగిన ఖర్చుల గురించి సభలో ఎన్ని ప్రశ్నలు వేశారు అని అడగండి. ఫైల్లో సంతకం లేకపోయినా సభ రికార్డులో ఆయన పేరు ఉండాలి. లేకపోతే అదే మీకు జవాబు.

పంచాయతీ గుమాస్తా

పెద్దలిద్దరూ ఢిల్లీ దాకా వెళ్లివచ్చారు. నేను మీ వీధిలోనే ఉంటాను. ముందు ఆ రోడ్డు ఏ పద్దు కింద వేశారో చూడండి. పల్లెల్లో సిమెంటు రోడ్లు చాలావరకు ఉపాధి హామీ పథకంలోని మెటీరియల్ (సామగ్రి) నిధులతోనే వేస్తూ వచ్చారు. శిలాఫలకం మీద పేరు ఎవరిదైనా డబ్బు ఆ పథకానిది. అలా అయితే సామాజిక తనిఖీ తప్పనిసరి. తనిఖీ బృందం ఎం-బుక్ పట్టుకుని పని దగ్గరికి వచ్చి కొలుస్తుంది, గ్రామసభలో చదివి వినిపిస్తుంది, మండల స్థాయి ప్రజావేదికలో అధికారుల చేత జవాబు చెప్పిస్తుంది. మరొకటి కూడా గుర్తుంచుకోండి. సమాచార హక్కు చట్టం కాగితాల నకళ్లతో ఆగదు. పనిని తనిఖీ చేసే హక్కు, వాడిన పదార్థం ధ్రువీకృత నమూనా తీసుకునే హక్కు కూడా అందులోనే ఉన్నాయి. స్కేలు పెట్టి కొలిచినదానికి విలువ లేదని అధికారులు అంటారు, రోడ్డును గుండ్రంగా తొలిచి ముక్క (కోర్) తీసి కొలిస్తే ఆ మాట అనలేరు.

ఒక మాట మాత్రం నిజాయితీగా చెప్పాలి. ఈ దారిలో కూడా చివరికి రికవరీ పడేది ఏఈ మీద, మేటు (కూలీల పెద్ద) మీదే. ప్రజావేదికలో సిఫారసు లేఖను బిగ్గరగా చదివించడం వరకే మీ చేతిలో ఉంటుంది.

చెరువుకట్ట

ముగ్గురికీ కృతజ్ఞతలు. గుమాస్తా గారు చెప్పాక ఫైలు మళ్లీ తీసి చూస్తే, అంచనా పత్రం మూడో పేజీలో ఉపాధి హామీ పని గుర్తింపు సంఖ్య కనిపించింది. ఇన్నాళ్లూ నేను ఆ పేజీని చూపులతో దాటేశాను. మండల కార్యాలయంలో అడిగితే తనిఖీ బృందం మా మండలానికి రావడానికి ఇంకా సమయం ఉందన్నారు. నమూనా కోసం దరఖాస్తు నిన్ననే ఇచ్చి రసీదు తీసుకున్నాను. ఆడిటర్ గారు చెప్పిన ఉత్తరం కూడా రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. సిఫారసు లేఖ నకలు పది ప్రతులు తీయించి పెట్టుకున్నాను. గ్రామసభ రోజున నా పక్కన నిలబడతామని ఇద్దరు ముందుకు వచ్చారు, అందులో ఒకరు ఆయనకు ఓటు వేసినవారే.