పెట్రోమాక్స్ రోజుల్లో స్టేజీ మీద వెలుతురు ఎలా తగ్గించేవాళ్లు?

అందరికీ నమస్కారం. మాది విజయవాడ. పాత పద్యనాటకాన్ని అప్పటి వెలుతురులోనే వేయాలని మా బృందం పట్టుదల, లైటింగ్ బాధ్యత నాది. లండన్ సంగతులు పుస్తకాల్లో దొరుకుతున్నాయి, 1837లో కోవెంట్ గార్డెన్ థియేటర్‌లో సున్నపుముద్దను మంటలో కాల్చి లైమ్‌లైట్ వేయడం, 1881లో సవాయ్ థియేటర్ మొత్తం కరెంటు దీపాలతో వెలగడం. నాకు కావాల్సింది మన కృష్ణా, గుంటూరు ఊళ్ల సంగతి.

పెట్రోమాక్స్‌కి గాలి కొడితే మాంటిల్ (లోపలి వల గుడ్డ) బుస్సుమంటూ తెల్లగా వెలుగుతుంది, బాగానే ఉంది, కానీ సీను మధ్యలో దాన్ని మెల్లగా తగ్గించడం కష్టం కదా! మరి రాత్రి, అడవి ఎలా చూపించేవాళ్లు? రంగు కాగితం అడ్డుపెట్టేవాళ్లా, లేక పద్యానికే వదిలేసేవాళ్లా? అర్దళం (నటులు పూసుకునే పసుపు రంగు పొడి) పూసిన ముఖం ఆ వెలుతురులో ఎలా కనిపించేది?

కరెంటు వచ్చాక ఉప్పునీళ్ల డిమ్మర్లు వాడేవాళ్లు. జాడీలో ఉప్పునీళ్లు, రెండు లోహపు రేకులు, పై రేకును కిందికి దించేకొద్దీ కరెంటు ఎక్కువ పారి బల్బు తీగ ముందు ఎర్రగా, తర్వాత పసుపుగా, చివరికి తెల్లగా వెలుగుతుంది. షాక్ ప్రమాదం కాబట్టి అది మాత్రం చేయను, ఎల్‌ఈడీలతోనే ఆ రంగు మారే తీరు తెప్పించాలి. దానికి ఏ లైట్లు, ఏ కంట్రోలర్ బాగుంటాయి?

తెనాలి, గుంటూరు వైపు పరిషత్తు నాటకాలకు లైట్లు వేసిన పెద్దవాళ్లు మీ ఇంట్లో ఉంటే దయచేసి అడిగి చెప్పండి. దీపాలు ఎంత ఎత్తులో కట్టేవాళ్లో తెలిసినా చాలు, పాత ఫొటో ఉంటే మరీ మంచిది.