లండన్, న్యూయార్క్: జనం సమానమే, మరి వైశాల్యం?

పటాల పెట్టె

హైస్కూలు పిల్లల కోసం లండన్, న్యూయార్క్ పక్కపక్కన పెట్టి ఛార్టు చేస్తున్నాను. జనాభా దగ్గర పేచీ లేదు, రెండూ 88 లక్షల దగ్గరే తేలుతున్నాయి. చిక్కంతా వైశాల్యంతోనే. న్యూయార్క్‌కి ఒకచోట 1,220 చదరపు కిలోమీటర్లని, ఇంకోచోట 780 అని ఉంది. లండన్‌కి 1,572 అని ఒకరంటే, 2.9 అని ఇంకొకరు! జనసాంద్రత కూడా వేయాలి, ఏ అంకె తీసుకోమంటారు? పైగా న్యూయార్క్ జనాభా దాదాపు రెండు కోట్లని కూడా కనబడుతోంది. అదెక్కడిది?

కొలబద్ద

ముందు 2.9 సంగతి తేల్చేద్దాం. అది ‘సిటీ ఆఫ్ లండన్’. పాత రోమన్ గోడ ఉన్నచోట మిగిలిన చిన్న ముక్క. బ్యాంకులూ ఆఫీసులే గానీ కాపురాలు బాగా తక్కువ, 2021 జనగణనలో సుమారు 8,600 మంది. మీకు కావలసింది గ్రేటర్ లండన్, అంటే ఆ సిటీతో పాటు 32 బరోలు (నగరంలోని పాలనా విభాగాలు). దాని వైశాల్యం 1,572.

న్యూయార్క్ అంకెలు రెండూ సరైనవే. 1,220లో మూడో వంతుకు పైగా నీళ్ళు. నగరం హద్దు గీత హార్బరులోంచి, నదుల్లోంచి పోతుంది, జమైకా బే అనే అఖాతంలో చాలా భాగం లోపలికే వస్తుంది. సాంద్రతకి నేల ఒక్కటే లెక్కపెట్టాలి. అది 778 చ.కి.మీ.

న్యూయార్క్ (2020): 88,04,190 ÷ 778 = సుమారు 11,300
లండన్ (2021): 87,99,800 ÷ 1,572 = సుమారు 5,600

జనంలో తేడా నాలుగు వేల చిల్లర, సాంద్రతలో మాత్రం రెట్టింపు. పొరపాటున 1,220తో భాగించారంటే న్యూయార్క్ 7,200కి పడిపోతుంది, అసలు కథే మారిపోతుంది.

ఇంకొకటి. అమెరికా పట్టికలు ఎక్కువగా చదరపు మైళ్ళలో ఉంటాయి. వైశాల్యాన్ని 2.59తో గుణించాలి. 1.609 దూరానికి మాత్రమే. సాంద్రతనైతే 2.59తో భాగించాలి: చదరపు మైలుకి 29,300 అంటే చ.కి.మీ.కి 11,300. ఇక్కడ గుణించేసి 76,000 రాసిన ఛార్టులకు కొదవ లేదు.

గళ్ళ పటం

లెక్క బాగుంది గానీ, ‘న్యూయార్క్ లండన్‌కి రెట్టింపు ఇరుకు’ అని పిల్లలకు చెప్పేస్తే సగం నిజమే చెప్పినట్టు. లండన్ గీత లోపల పొలాలు కూడా ఉన్నాయి. గ్రేటర్ లండన్ నేలలో సుమారు 22 శాతం గ్రీన్ బెల్ట్, అక్కడ కొత్త కట్టడాలకు అనుమతి దొరకడం కష్టం. ఆ ఖాళీ అంతా సగటును కిందికి లాగుతోంది.

అందుకని బరోల వారీగా చూడండి. బ్రోమ్లీ, స్టాటెన్ ఐలండ్ రెండూ దాదాపు 150 చ.కి.మీ.లే, రెండూ తమ తమ నగరాల్లో అతి పలచటి బరోలే. బ్రోమ్లీలో 3.3 లక్షల మంది (చ.కి.మీ.కి 2,200), స్టాటెన్ ఐలండ్‌లో 4.96 లక్షలు (3,300). రెండో కొసకు వెళ్తే, లండన్‌లో అన్నిటికన్నా ఒత్తుగా ఉన్న టవర్ హామ్లెట్స్ 15,700. అది బ్రూక్లిన్ సగటుకి (సుమారు 15,200) కొంచెం పైన, అంతే. మాన్‌హాటన్‌కి పోలికే లేదు: 59 చ.కి.మీ.లో 16.9 లక్షలు, అంటే 28,000 దాటుతుంది.

నా ఓటు ఇన్నర్ లండన్‌కి, అంటే నగరం లోపలి భాగంలోని బరోలకి. 319 చ.కి.మీ.లో సుమారు 34 లక్షలు, భాగిస్తే 10,700. న్యూయార్క్ మొత్తం సగటుకి దగ్గరగా వచ్చేసింది చూడండి. ఛార్టులో ఈ వరుస తప్పకుండా వేయండి.

శివారు

ఆ ‘రెండు కోట్లు’ నగరానిది కాదు. 2020 జనగణనలో న్యూయార్క్ ‘పట్టణ ప్రాంతం’, అంటే న్యూజెర్సీ, లాంగ్ ఐలండ్ మీదుగా ఎడతెగకుండా సాగిన ఊరంతా కలిపితే 1.94 కోట్లు. మనవాళ్ళు ఎక్కువగా ఉండే న్యూజెర్సీ ఊరు ఎడిసన్ నగర లెక్కలో లేదు, ఈ లెక్కలో ఉంది. లండన్ వైపు మనవాళ్ళుండే చోట్లలో ఈస్ట్ హామ్, హౌన్‌స్లో గ్రేటర్ లండన్ లోపలే. స్లౌ మాత్రం బయట.

అసలు విడ్డూరం ఇక్కడుంది. ఆ 1.94 కోట్ల జనం పరుచుకున్న నేల సుమారు 8,400 చ.కి.మీ. భాగిస్తే 2,300. లండన్ ఎడతెగని కట్టడాల ప్రాంతం 2011 లెక్కలో 1,738 చ.కి.మీ., 97.9 లక్షల మంది, అంటే 5,600. గీత కాస్త బయటికి జరపగానే లండనే ఇరుకైపోయింది! అమెరికా శివారులో ఇంటికో పెద్ద స్థలం, గడ్డి, కారు షెడ్డు. లండన్‌ని గ్రీన్ బెల్ట్ ఆపేసింది. దాని అవతలి ఊళ్ళ నుంచి రోజూ రైల్లో వచ్చేవాళ్ళు చాలామంది ఈ లెక్కలోకి రారు. అందుకే ఒక వరుసలో నగరం, దాని పక్కన పట్టణ ప్రాంతం పెట్టి పోల్చకండి.

పటాల పెట్టె

చాలా థాంక్సండీ. మూడు వరుసలూ వేస్తాను: నగరం, లోపలి భాగం, పట్టణ ప్రాంతం. పాత జనాభా గ్రాఫు కూడా గీద్దామనుకుంటున్నాను, 1900 నుంచి పెట్టవచ్చా?

కొలబద్ద

న్యూయార్క్‌కి పెట్టవచ్చు. ఐదు బరోలూ 1898లోనే కలిశాయి, అంతకుముందు బ్రూక్లిన్ వేరే నగరం. లండన్‌కి ఇప్పటి గీత పడింది 1965లో. కాబట్టి 1939లో 86 లక్షలు అన్నది నేటి హద్దులకు వెనక్కి సరిపెట్టి వేసిన లెక్క. ‘లండన్ కౌంటీ’ పేరుతో ఉన్న పాత అంకెలు చాలా చిన్న ప్రాంతానివి, వాటిని దీంతో కలిపితే గ్రాఫులో నిజానికి లేని పెరుగుదల ఒక్కసారిగా కనిపిస్తుంది. 2007లో శివారు మునిసిపాలిటీలు కలిసిన హైదరాబాద్‌తోనూ ఇదే ఇబ్బంది.

రెండు నగరాలూ మధ్యలో తగ్గి మళ్ళీ పెరిగినవే. న్యూయార్క్ 1950లో 78.9 లక్షలు, 1980లో 70.7 లక్షలు, 2000లో 80 లక్షలు. లండన్ తన 1939 గరిష్ఠాన్ని మళ్ళీ దాటింది 2015 ప్రాంతంలో.

గళ్ళ పటం

గ్రాఫు కింద ఒక గమనిక కూడా వేయండి. లండన్ జనగణన తేదీ 2021 మార్చి 21, లాక్‌డౌన్ మధ్యలో. వెస్ట్‌మిన్‌స్టర్, కెన్సింగ్టన్-చెల్సీలలో 2011 కన్నా జనం తగ్గినట్టు వచ్చింది అందుకే కొంత. ఆ తర్వాతి సంవత్సరాలకు వార్షిక అంచనాలు వాడితే రెండు నగరాలకూ ఒకే సంవత్సరం తీసుకోండి, రెండూ తాజా విడుదల నుంచే తీసుకోండి. కొత్త అంచనా వచ్చినప్పుడల్లా పాత సంవత్సరాల అంకెలను కూడా సవరిస్తుంటారు.