అమెరికా నుంచి నిజాంపేటలో ఫ్లాట్ కొనాలి, వచ్చే వీలు లేదు. ఎలా?

ప్రశ్న – డాలస్ నుంచి, జూన్ 2021 మొదటి వారం

అందరికీ నమస్కారం. నేనూ మా ఆయనా హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఇక్కడ ఉంటున్నాం. కోవిడ్ వల్ల మే 4 నుంచి ఇండియా నుంచి వచ్చేవాళ్ళకు అమెరికా ఆంక్షలు పెట్టింది కదా, ఇప్పుడు హైదరాబాద్ వస్తే తిరిగి ఎప్పుడు వెళ్ళగలమో తెలీదు. అమెరికా పౌరులైన చిన్న పిల్లలున్న తల్లిదండ్రులకు మినహాయింపు ఉంది. మాకింకా పిల్లలు లేరు.

నిజాంపేట దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు, ఫ్లాట్ 204, 1,460 ఎస్ఎఫ్‌టీ, 76 లక్షలు, జీఎస్టీ అదనం. బ్రోకర్ వాట్సాప్‌లో వీడియోలు పంపాడు, చూడ్డానికి బాగుంది. "రెడీ టు మూవ్ అండీ, ఆదివారంలోపు 20 లక్షలు వేయండి, లేకపోతే ఇంకో ఎన్నారై పార్టీ తీసుకుంటుంది" అంటున్నాడు. ఇంకోవైపు మా బంధువొకాయన కొల్లూరు దగ్గర ప్రీలాంచ్‌లో, అంటే అనుమతులు రాకముందే అమ్మేదాంట్లో, ఎస్ఎఫ్‌టీ 3,200కే వస్తోంది, కాకపోతే డబ్బంతా ఒకేసారి కట్టాలి అంటున్నారు.

మా మామగారు మియాపూర్‌లోనే ఉంటారు. 68 ఏళ్ళు, షుగర్ ఉంది, వ్యాక్సిన్ ఒక్క డోసే పడింది. ఆయన్ని సైట్ల చుట్టూ తిప్పడం నాకు ఇష్టం లేదు. మా మరిది కూకట్‌పల్లిలో ఉంటాడు, సంతకాలు తను పెడతానన్నాడు. మొదటి ఇల్లు, ఆరేళ్ళ పొదుపు. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

జవాబు – మియాపూర్ నుంచి

అమ్మా, ముందు ఆ ఆదివారం గడువు మనసులోంచి తీసేయండి. ఇళ్ళు కొనేవాళ్ళ రక్షణకు తెచ్చిన రెరా చట్టం ప్రకారం అగ్రిమెంట్ ఆఫ్ సేల్ రాసి రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. 76 లక్షలకు అది 7 లక్షల 60 వేలు. 20 లక్షలు అడగడానికి అతనికి హక్కే లేదు.

రెండోది, "రెడీ టు మూవ్" అంటూనే జీఎస్టీ అడుగుతున్నాడు. ఓసీ, అంటే ఇంట్లో ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, వచ్చిన తర్వాత కొంటే జీఎస్టీ ఉండదు. కట్టుబడిలో ఉన్నదానికే 5 శాతం. అంటే ఓసీ ఇంకా రాలేదని అతని మాటల్లోనే తెలిసిపోతోంది. మీ ధర మీద 5 శాతమంటే 3 లక్షల 80 వేలు. ఓసీ ఎప్పుడొస్తుందో రాతపూర్వకంగా అడగండి.

మూడోది చాలామందికి తెలియదు. మన దగ్గర అపార్ట్‌మెంట్‌కు అనుమతి ఇచ్చేటప్పుడు కట్టే మొత్తంలో 10 శాతం భాగాన్ని అనుమతిచ్చే సంస్థకు మార్ట్‌గేజ్, అంటే తాకట్టు, చేయించుకుంటారు. బిల్డర్ ప్లాన్ ప్రకారం కట్టి ఓసీ తెచ్చుకున్నాకే దాన్ని విడుదల చేస్తారు. సాధారణంగా అవి కింది అంతస్తుల్లోనే ఉంటాయి. మీది రెండో అంతస్తు. తెలంగాణ రెరా సైట్‌లో ప్రాజెక్టు పేరు కొట్టి, అనుమతి కాపీ తెరిచి, మార్ట్‌గేజ్ చేసిన ఫ్లాట్ల నంబర్లలో 204 ఉందేమో ఈ రాత్రే చూడండి. అక్కడ దొరక్కపోతే బిల్డర్‌ను అడగండి. ఇవ్వడానికి నసిగితే అదే సమాధానం అనుకోండి.

అది డెవలప్‌మెంట్‌కు ఇచ్చిన స్థలమా అన్నది కూడా కనుక్కోండి. అయితే స్థల యజమాని, బిల్డర్ ఫ్లాట్లు పంచుకుని ఉంటారు. 204 ఎవరి వాటాలో ఉందో వాళ్ళే మీకు అమ్మాలి. పంపకాల కాగితం చూడకుండా అడ్వాన్స్ ఇచ్చి ఇరుక్కున్నవాళ్ళు నాకు తెలుసు. ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్ల చిట్టా, మీరు డాలస్‌లో కూర్చునే రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో తీసుకోవచ్చు, 1983 నుంచి ఉంటుంది. సర్వే నంబరు నిషేధిత భూముల జాబితాలో ఉందేమో కూడా అక్కడే చూడండి. లింక్ డాక్యుమెంట్లు, అంటే పాత యజమానుల దస్తావేజులు, మాత్రం మీరే ఒక లాయరుకిచ్చి చదివించండి. బ్రోకర్ చెప్పిన లాయరు వద్దు.

ఇక కొల్లూరు ప్రీలాంచ్. దయచేసి అటు వెళ్ళకండి. 500 చదరపు మీటర్లు దాటిన స్థలం గానీ, 8 ఫ్లాట్లు దాటిన కట్టడం గానీ అయితే రెరా నంబరు రాకముందు అమ్మకూడదు, ప్రకటన కూడా ఇవ్వకూడదు. వాళ్ళు మీకు రాసిచ్చేది యూడీఎస్, అంటే స్థలంలో ఇన్ని గజాల విడదీయని వాటా. ఇల్లు కాదు. రేపు అనుమతి రాకపోతే వందలమందితో కలిసి మీరూ ఒక ఖాళీ స్థలానికి హక్కుదారు. పైగా అది రికార్డుల్లో ఇంకా వ్యవసాయ భూమిగానే ఉంటే, విదేశీ మారక చట్టం ఫెమా నిబంధనల ప్రకారం ఎన్నారైలు కొననేకూడదు.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్స్ అండీ. రాత్రే చూశాం. 204 ఆ మార్ట్‌గేజ్ జాబితాలో ఉంది. చూడగానే చేతులు చల్లబడిపోయాయి. బ్రోకర్‌ను అడిగితే "అది ఫార్మాలిటీ మేడమ్, అందరివీ అలాగే ఉంటాయి" అన్నాడు. అదే బిల్డింగ్‌లో 503 ఖాళీగా ఉంది, జాబితాలో లేదు. మా తరఫున మరిది సంతకం పెట్టడానికి ఇచ్చే పవర్ ఆఫ్ అటార్నీ సంగతి, ఇల్లు చూడ్డం సంగతి కూడా ఎవరైనా చెప్తారా?

జవాబు – న్యూజెర్సీ నుంచి

పోయినేడాది మేమూ ఇలాగే కొన్నాం. అప్పుడు సెప్టెంబర్ 8 నుంచి డిసెంబర్ దాకా తెలంగాణలో ఇళ్ళ రిజిస్ట్రేషన్లే ఆగిపోయాయి. కాగితాలన్నీ సిద్ధం చేసుకుని మూడు నెలలు ఎదురుచూశాం. కాబట్టి తేదీల మీద గట్టిగా మాట ఇవ్వకండి, ఎవరికీ.

మీ మరిదికి జనరల్ పవర్ ఇవ్వొద్దు. ఆయన మీద అనుమానం ఉండి కాదు. కాగితం ఎంత చిన్న పనికి పరిమితమైతే ఆయనకూ అంత నిశ్చింత. స్పెషల్ పవర్ రాయించండి. ఫలానా ఫ్లాట్, ఇన్ని గజాల యూడీఎస్, అగ్రిమెంట్ మీద సంతకం, రిజిస్ట్రేషన్‌కు హాజరు, లోన్ కాగితాలు, తాళాలు తీసుకోవడం. అమ్మే అధికారం, తాకట్టు పెట్టే అధికారం లేవని స్పష్టంగా రాయించండి. లోన్ తీసుకుంటే బ్యాంకు తన ఫార్మాట్ ఇస్తుంది, ముందే తెచ్చుకోండి. లేకపోతే రెండోసారి రాయించాలి.

ఇద్దరివీ, మరిదివీ ఫోటోలు అతికించండి. పేర్లు పాస్‌పోర్టులో, పాన్‌లో ఒకేలా ఉన్నాయా చూడండి. మా ఆవిడకు పాస్‌పోర్టులో నా ఇంటిపేరు, పాన్‌లో వాళ్ళ నాన్నగారి ఇంటిపేరు. అది సరిదిద్దుకోవడానికే నెల పోయింది. నోటరీ ముందు స్వయంగా పెన్నుతో సంతకం పెట్టండి. టెక్సస్‌లో ఆన్‌లైన్ నోటరీ ఉన్నా దీనికి వాడకండి. మీకు హ్యూస్టన్ కాన్సులేట్. ఏ రకం అటెస్టేషన్ కావాలో మీ మరిదిని అక్కడి రిజిస్ట్రార్ ఆఫీసులో ముందే అడిగి తెలుసుకోమనండి. కవరు ఇండియా చేరిన 3 నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు డ్యూటీ కట్టించాలి. కవరు మీద చేరిన తేదీ ముద్ర ఉంటుంది, దాన్ని పారేయవద్దని చెప్పండి.

డబ్బు ఇండియాలోని మీ ఎన్నార్ఈ, ఎన్నార్వో (ఎన్నారైల బ్యాంకు) ఖాతాల నుంచి లేదా ఇక్కడి బ్యాంకు నుంచి నేరుగా బిల్డర్ ఖాతాకే పంపండి. మరిది ఖాతాలో వేసి ఆయన్ని కట్టమనొద్దు. రేపు అమ్మి డబ్బు వెనక్కి తెచ్చుకోవాలన్నా ఆ దారే చూపించాలి.

జవాబు – మియాపూర్ నుంచి

ఇల్లు చూడ్డం సంగతి నేను చెప్తా. రికార్డు చేసిన వీడియో వద్దు, లైవ్ కాల్ కావాలి, ఫోను పట్టుకునేది మీ మరిది అయ్యుండాలి. మెయిన్ రోడ్డు దగ్గర మొదలుపెట్టి కాల్ కట్ చేయకుండా ఫ్లాట్ దాకా నడవమనండి. దారి ఎంత ఇరుకో, డ్రైనేజీ ఎక్కడుందో అప్పుడే తెలుస్తుంది. సందు మొదట్లో కిరాణా కొట్టు ఉంటే 2020 అక్టోబర్ వానలకు నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయని అడగమనండి. కొట్టాయన అబద్ధం చెప్పడు, ఆయనకేం లాభం?

లోపల టేపుతో బెడ్‌రూమ్ కొలిపించండి. 1,460 అన్నది మెట్లు, లిఫ్టు, కారిడార్ కలిపిన లెక్క. మీ గోడల మధ్య ఉండేది కార్పెట్ ఏరియా, అగ్రిమెంట్‌లో అదే రాయించండి. బాత్రూమ్ పైకప్పు మూలల్లో ఫోను లైటు వేయమనండి, పెయింట్ ఉబ్బిందేమో చూడండి. కిచెన్ కుళాయి తిప్పించండి. వాచ్‌మన్ భార్యను మాట్లాడించి ఎండాకాలంలో రోజుకు ఎన్ని ట్యాంకర్లు వస్తాయో కనుక్కోండి. మామగారు ఇంట్లోంచే అదే కాల్‌లో చేరతారు. ఇళ్ళ గురించి ఆ వయసువాళ్ళ కళ్ళకు కనబడేవి మనకు కనబడవు.

ప్రశ్న అడిగినవారు, సెప్టెంబర్ 2021 చివర

మీ అందరికీ చెప్పకుండా ఉండలేకపోయాను. 503 పోయిన వారం మా పేరు మీద రిజిస్టర్ అయింది. మీరు చెప్పినట్టే కాల్ చేస్తే 204 బాల్కనీలోంచి పక్క బిల్డింగ్ గోడ తప్ప ఏమీ కనబడలేదు. బ్రోకర్ వీడియోలో బాల్కనీ తలుపు ఒక్కసారి కూడా తెరవలేదని అప్పుడు గుర్తొచ్చింది. 503 బాత్రూమ్‌లో చెమ్మ మరక కనిపెట్టింది మామగారే, "ఫోను కొంచెం ఎడమకు తిప్పరా" అని. బిల్డర్ బాగుచేసి ఇచ్చాడు.

ఆగస్టులో ఓసీ వచ్చాకే మొదటి రూపాయి కట్టాం, జీఎస్టీ పడలేదు. ఈలోపు ధర 78 లక్షలకు పెంచారు. జులై 22 నుంచి రిజిస్ట్రేషన్ ఖర్చులు కూడా 6 శాతం నుంచి 7.5 శాతం అయ్యాయి, మాకు 1 లక్షా 17 వేలు అదనం. అయినా ఆ 20 లక్షలు వేయనందుకు ఇద్దరం రోజూ అనుకుంటున్నాం. ఇప్పుడు కొనేవాళ్ళకు ఇంకో మాట. ధర 50 లక్షలు, ఆపైన అయితే 1 శాతం టీడీఎస్, అంటే ముందే కోసే ఆదాయపు పన్ను, కొనేవాళ్ళే అమ్మేవాళ్ళకిచ్చే డబ్బులోంచి కోసి కట్టాలి. భార్యాభర్తలు కలిసి కొంటే ఎవరి పాన్ మీద వాళ్ళు విడిగా టీడీఎస్ ఫారం వేయాలి. అమ్మేది ఎన్నారై అయితే లెక్క వేరు, చాలా ఎక్కువ కోయాలి, సీఏని అడగండి.

కరెంటు మీటరు పేరు మార్పిడికి మరిది అప్లికేషన్ పెట్టాడు. తాళాలు మామగారి బీరువాలో ఉన్నాయి. రెండో డోసు అయ్యాక ఆయనే వెళ్ళి చూసొచ్చారు.