బొమ్మలేసేవాళ్లకి ప్రపంచ కళాచరిత్ర తప్పనిసరా?

నల్లసిరా: మా చెల్లి హైదరాబాద్‌లోనే బీఎఫ్‌ఏ (లలితకళల డిగ్రీ) రెండో ఏడు. పొద్దున స్టూడియో, మధ్యాహ్నం ప్రపంచ కళాచరిత్ర. ఆ చరిత్ర భారం, తీసెయ్యాలని వాళ్ల సీనియర్ అంటున్నాడట. మీరేమంటారు?

జింకుపలక: తీసెయ్యాల్సిందే. నేను ప్రింట్‌మేకింగ్, అంటే ప్లేటు మీద బొమ్మ గీసి కాగితం మీద అచ్చు తీసుడు, చేసిన. ఎచింగ్‌ల లోహపు ప్లేటు మీది గీతల్ని ఆసిడే తింటది. ప్లేటు ఆసిడ్‌ల దించినంక మధ్యల తీసి, గీత ఎంత లోతు తిన్నదో చూసి, చాలనుకున్న చోట వార్నిష్ కప్పి మళ్ల దించాలె. థియరీ క్లాసుకు ఉరికొచ్చేసరికి నావి మూడు ప్లేట్లు కరాబైనయ్.

చిత్రలేఖ: హొకుసాయ్ పెద్ద అల చూశారా అండీ? 1831 ప్రాంతపు జపాన్ చెక్కముద్ర. అందులోని నీలం ప్రషియన్ బ్లూ, బెర్లిన్‌లో పుట్టిన రంగు. ఆ తర్వాత జపాన్ ముద్రలు యూరప్ చేరాయి. 1887లో వాన్ గో జపాన్ చిత్రకారుడు హిరోషిగే బొమ్మల్ని నూనెరంగుల్లో వేసుకుని నేర్చుకున్నాడు. ఇది స్టూడియో పాఠమా, చరిత్ర పాఠమా?

జింకుపలక: వాన్ గో బొమ్మ ముంగట కూసుండి నేర్చుకున్నడు. పరీక్ష రాయలే.

మూసీగట్టు: సాలార్‌జంగ్‌కి తీసుకెళ్తే చాలు. బెంజోనీ చెక్కిన ‘వీల్డ్ రెబెకా’ విగ్రహం ఉంది కదా.

చిత్రలేఖ: ఒక్క రెబెకాతో ప్రపంచం అయిపోదు. పాలరాతి ముసుగులోంచి ముఖం కనిపించేలా చెక్కాడు, నిజమే. ఆ పనితనం ఎక్కడ మొదలైందో ఎవరు చెప్తారు?

జింకుపలక: నా ప్లేట్ల సంగతికి జవాబు చెప్పున్రి.

చిత్రలేఖ: ప్లేట్లు ప్లేట్లు అంటారేంటి? చదవడానికి బద్ధకం అనండి, సరిపోతుంది.

జింకుపలక: బద్ధకమా? మాది చేర్యాల పక్క పల్లె. ఇంటర్ దాక తెలుగు మీడియం. ఇటలీ చిత్రకారుడు మసాచియో ‘ట్రినిటీ’ బొమ్మల లోపలికి పోయే గీతలన్నీ సిలువ అడుగున ఒక్క చుక్కకు చేరుతయ్. స్కేలు పెట్టి గీసి చూపిస్త అన్న. వద్దన్నరు, ఇంగ్లీషుల రెండు పేజీలు రాయమన్నరు. రెండుసార్లు ఫెయిలైన. మా దగ్గర నకాషీలు, అంటే చేర్యాల బొమ్మలు గీసేటోళ్లు, ఖాదీ గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల అంబలి పూసి, ఎర్రటి నేల మీద కథ మొత్తం వరసలు వరసలుగ గీస్తరు. మా క్లాసుల వాళ్ల పేరు ఒక్కనాడు రాలే.

మూసీగట్టు: ఇది ముందే చెప్పాల్సింది అన్నా.

చిత్రలేఖ: బద్ధకం అన్నందుకు క్షమించండి. మిమ్మల్ని ఫెయిల్ చేసింది ఇంగ్లీషు. దానికి చరిత్రే తీసేస్తే, ఇంట్లో ఇంగ్లీషు పుస్తకాలున్న పిల్లలకే అది మిగుల్తుంది. అందుకే నేను ఒప్పుకోను.

జింకుపలక: తెలుగుల రాయనియ్యున్రి, గీసి చూపనియ్యున్రి, చేర్యాలను సిలబస్‌ల పెట్టున్రి. అప్పుడు ఉండనీ. అప్పటిదాక నా మాట అదే. ప్లేట్లకు ఇంక జవాబు రాలే.

చిత్రలేఖ: ప్లేటు ఆసిడ్‌లో ఉన్నప్పుడు క్లాసు పెట్టడం తప్పే. టైమ్‌టేబుల్ మార్చాలి.

నల్లసిరా: మా చెల్లిదీ తెలుగు మీడియమే. పోయిన సెమిస్టర్ ఏ పేపర్ మిగిలిపోయిందో ఇంట్లో చెప్పలేదు. ఇవాళ అడుగుతాను.